మంచు ఊడ్చే అన్నకో దణ్ణం!

ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తే మీకేం వినిపిస్తుంది? గుడి మైకులో తిరుప్పావై, వీధి చివర హరిదాసు చిడతలు, పక్కింటివాళ్ళ చీపురు చప్పుడు. అంతేగా! అదే మీ అమ్మాయి అమెరికాలో ఏ మిన్నెసోటాలోనో ఉండి, పురుడు పొయ్యడానికని మీరక్కడికి వెళ్ళారనుకోండి, సరిగ్గా అదే వేళకి వినిపించేది వేరు. ముందు దూరంగా ఇనుము రోడ్డుని గీకుతున్న గరగర. తర్వాత పడగ్గది గోడమీద గిర్రున తిరిగే పసుప్పచ్చ వెలుగు. ఆ తర్వాత కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి.

మొదటిరోజు నేను దిగ్గున లేచి కూర్చున్నాను. భూకంపమేమో అనుకున్నాను. "ఏం లేదమ్మా, స్నోప్లో వచ్చింది. పడుకో" అంది మా అమ్మాయి అటు తిరిగి.

స్నోప్లో అంటే మరేం కాదు, మంచు నాగలి. పెద్ద లారీకి ముందు వంపు తిరిగిన ఇనుప పలక బిగిస్తారు. పక్కన రెక్కలాగా ఇంకోటి. వెనక ఉప్పు చల్లే యంత్రం. లారీ నడుస్తూంటే పలక మంచుని గీకి పక్కకి తోస్తుంది, వెనకనుంచి ఉప్పు రాలుతుంది. రాత్రంతా మంచు పడితే తెల్లారేసరికి జనం ఆఫీసులకీ, పిల్లలు బడికీ వెళ్ళాలి కదా. అందుకని ఈ లారీవాళ్ళు అర్ధరాత్రి రెండింటికో, మూడింటికో డ్యూటీ ఎక్కుతారు. పెద్ద తుపానొస్తే పన్నెండేసి గంటలు వంతులవారీగా నడుపుతారు. క్రిస్మస్ లేదు, కొత్త సంవత్సరం లేదు.

ఇలాంటి వాళ్ళకి ధన్యవాదాలు చెప్పుకోవడానికి చలికాలంలో ఒక రోజు కేటాయించుకుంటారక్కడ. సెలవేం ఉండదు. తేదీ కూడా ఊరినిబట్టి, బడినిబట్టి మారుతుంది. పిల్లలు రంగు పెన్సిళ్ళతో లారీ బొమ్మలు గీసి కార్డులు చేస్తారు. అమ్మలు కుకీలు పట్టుకెళ్ళి లారీలుండే గ్యారేజీలో ఇస్తారు. అదే పండగ! వినగానే నాకు మన దసరా మామూళ్ళు గుర్తొచ్చాయి. కాకపోతే మనదగ్గర మామూలు వాళ్ళొచ్చి అడుగుతారు, అక్కడ వీళ్ళే వెళ్ళి ఇస్తారు.

ఎవరికీ కనిపించని పని

నాకెందుకో ఈ పని చూస్తే మన వంటింటి పనే గుర్తొస్తుంది. అంట్లు తోమి బోర్లిస్తే ఎవరైనా "అబ్బ, ఎంత బాగా తోమావు" అంటారా? ఒక్కరోజు తోమకపోతే మాత్రం ఇల్లంతా తెలుస్తుంది. మంచు ఊడ్చిన రోడ్డు కూడా అంతే. శుభ్రంగా ఉంటే అదేదో దానంతటదే అలా ఉన్నట్టు అందరూ బుర్రుమని పోతారు. లేకపోతే "మున్సిపాలిటీవాళ్ళు నిద్రపోతున్నారా?" అని ఫోన్లు. పైగా ఊడ్చిన గంటకే మళ్ళీ మంచు పడుతుంది. మళ్ళీ మొదటికి రావాలి. పొద్దున్న తోమిన గిన్నెలు మధ్యాహ్నానికి మళ్ళీ సింకులోకి వచ్చినట్టు!

అలాగని వాళ్ళమీద తిట్లు లేవనుకునేరు. ఉన్నాయి, బోలెడు. మా అల్లుడు చాలా నెమ్మదస్తుడు. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అలాంటివాడు పొద్దున్నే తలుపు తీసి "అయ్యో రామా!" అన్నాడంటే కారణం ఇదే. పార పట్టుకుని గంటసేపు ఇంటిముందు కారు దారిలో మంచంతా ఎత్తిపోసి, చేతులు దులుపుకుని లోపలికొస్తాడు. పది నిమిషాల్లో స్నోప్లో వస్తుంది. రోడ్డుమీది మంచునంతా పక్కకి తోసి, సరిగ్గా మా దారి మొదట్లో మోకాలెత్తు గట్టు కట్టి వెళ్ళిపోతుంది. ఆ మంచు మెత్తగా దూదిలా ఉండదు. నలిగి, బిగిసి, రాయిలా ఉంటుంది. అది తియ్యాల్సిన బాధ్యత చాలా ఊళ్ళలో ఇంటివాళ్ళదే. పక్కింటావిడ తన వాకిలి ఊడ్చి చెత్త మన గుమ్మంముందు పోగేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి!

ఇక రోడ్డు పక్కన కర్రలమీద నిలబెట్టిన పోస్టు డబ్బాల సంగతి సరేసరి. లారీ విసిరిన మంచు తగిలో, పలక అంచు తగిలో ఏటా కొన్ని కూలిపోతాయి. దీనిమీద కూడా వాళ్ళొక పండగ పుట్టించారు, 'స్నోప్లో మెయిల్‌బాక్స్ హాకీ డే' అని! డ్రైవర్లు పోస్టు డబ్బాలతో హాకీ ఆడుకుంటారని వేళాకోళం అన్నమాట. కోపం వచ్చినచోట కూడా నవ్వుకోవడం ఆ చలిదేశంవాళ్ళకి బాగా అలవాటు. లేకపోతే ఆరు నెలల చలికాలం ఎలా వెళ్ళదీస్తారు పాపం!

లారీకి బారసాల

ఆ నవ్వు తెలియాలంటే లారీల పేర్లు వినాలి. 2020-21 చలికాలంలో మిన్నెసోటా రాష్ట్ర రవాణా శాఖ ఒక పోటీ పెట్టింది. మా దగ్గరున్న స్నోప్లోలకి పేర్లు సూచించండి, ఓట్లు వెయ్యండి అని. రాష్ట్రంలో ఎనిమిది జిల్లాలుగా చేసుకున్నారు కాబట్టి ఏటా ఎనిమిది పేర్లు. ఆ శాఖకి ఎనిమిది వందలకి పైగా లారీలున్నాయి. అన్నిటికీ నామకరణం అయ్యేసరికి వందేళ్ళు పడుతుంది!

మొదటి ఏడు గెలిచిన పేరు 'ప్లోయీ మెక్‌ప్లోఫేస్'. 2022లో గెలిచినవాటిలో 'కంట్రోల్ సాల్ట్ డిలీట్' ఒకటి. కంప్యూటర్ మొరాయిస్తే మన పిల్లలు నొక్కే మూడు మీటల్లో మధ్యదానిని తీసి ఉప్పు పెట్టారు. మా ఇంట్లో ఇద్దరూ సాఫ్ట్‌వేరే కాబట్టి దానికి పడీపడీ నవ్వారు. 2023లో 'క్లియరోపాత్ర', 2024లో గాయని టేలర్ స్విఫ్ట్ పేరుమీద 'టేలర్ డ్రిఫ్ట్', డాలీ పార్టన్ పేరుమీద 'డాలీ ప్లౌటన్'. అదే ఏడాది ఆ నేల మూలవాసులైన డకోటాల భాషలో స్నోప్లోని ఏమంటారో ఆ మాటే ఒక లారీకి పేరుగా గెలిచింది. అది నాకు అన్నిటికంటే నచ్చింది.

ఈ సరదా అమెరికావాళ్ళ సొంతం కాదు. స్కాట్లండులో ఉప్పు చల్లే లారీలకి అంతకుముందే 'గ్రిట్నీ స్పియర్స్', 'గ్రిట్టీ గ్రిట్టీ బ్యాంగ్ బ్యాంగ్' లాంటి పేర్లున్నాయి. ఏ లారీ ఏ రోడ్డుమీద ఉందో కంప్యూటర్లో పటం తెరిచి చూసుకోవచ్చు కూడా. పేరు పెట్టాక మరి తిట్టబుద్ధి కాదు కదా! తిట్టినా ముద్దుగా తిడతాం.

ఓ రాత్రి భోజనాల దగ్గర మేమూ తెలుగులో పేర్లు కట్టాం. అమ్మాయి 'హిమమంతుడు' అంది. కొండనే ఎత్తినవాడికి మంచు ఒక లెక్కా అని. అల్లుడు ఉప్పు చల్లే లారీకి 'ఉప్పేనా' అన్నాడు. నేను 'మంచుపల్లకి' అన్నాను. అది పాత సినిమా పేరనీ, ఓట్లు రావనీ ఇద్దరూ కొట్టిపారేశారు.

రోడ్డుకి ముగ్గు, ఉప్పుతో

ఉప్పు సంగతి మనకి తెలిసిందే, కాకపోతే మరోరకంగా. ఇంట్లో చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ బకెట్టు రోజులు గుర్తున్నాయా? ఐసుముక్కల్లో గుప్పెళ్ళకొద్దీ కళ్ళుప్పు వేసేవాళ్ళం. ఉప్పు కలిస్తే నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి దిగాలి. రోడ్డుమీదా అదే సూత్రం. మంచు పడేముందే కొన్నిచోట్ల ఉప్పునీళ్ళు చల్లుతారు. అది ఆరి రోడ్డు పొడుగునా తెల్లటి చారలు కడుతుంది. నేను మొదటిసారి చూసి, ఇంత పొడుగు ముగ్గుగీతలు ఎవరు లాగారా అనుకున్నాను!

అయితే ఉప్పుకీ ఒక హద్దుంది. చలి దాదాపు మైనస్ తొమ్మిది డిగ్రీలు దాటిందంటే ఉప్పు పని మందగిస్తుంది. అక్కడేమో జనవరిలో మైనస్ ఇరవై మామూలే. అప్పుడిక ఇసక కలిపి చల్లుతారు, చక్రాలు జారకుండా. ఎడాపెడా ఉప్పు పొయ్యడానికీ లేదు. కరిగిన ఉప్పంతా చివరికి చెరువుల్లోకే పోతుంది. ఒక్క చెంచాడు ఉప్పు ఐదు గ్యాలన్ల నీటిని, అంటే మన లెక్కలో ఒక బిందె పైచిలుకు నీటిని, శాశ్వతంగా పాడుచేస్తుందని ఆ రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థ చెప్తూ ఉంటుంది. ఎంత చల్లాలో, ఎక్కడ ఆపాలో డ్రైవరుకి తెలియాలి. పప్పులో ఉప్పు వేసే చెయ్యిలాగే అదీ అనుభవమే.

ఆ రాత్రి

ఇదంతా తర్వాత తెలుసుకున్నది. మొదట్లో నాకు మంచంటే కిటికీలోంచి చూసే అందం, అంతే. ఆ అందం ఒక్క రాత్రిలో వదిలింది.

అమ్మాయికి డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా తొమ్మిది రోజులుంది. సాయంత్రంనుంచీ మంచు కురుస్తోంది. రాత్రి రెండింటికి "అమ్మా" అని పిలిచింది. ఆ పిలుపులోనే తెలిసిపోయింది నాకు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే బయల్దేరి రమ్మన్నారు. ఆస్పత్రి ఇరవై కిలోమీటర్లు. తలుపు తీస్తే మెట్లు కనిపించలేదు. కారు ఎక్కడుందో ఆనవాలు పట్టాల్సి వచ్చింది. అల్లుడు పార తీసుకుని పిచ్చివాడిలా తవ్వుతున్నాడు. నేను చెప్పులమీదే వెళ్ళి చేతులతో తోశాను. వేళ్ళు కొయ్యబారిపోయాయి. మన ఊళ్ళో అయితే ఈపాటికి నలుగురు లేచి వచ్చేవాళ్ళు, ఆటోవాణ్ణి లేపేవాళ్ళు అనిపించి ఏడుపొచ్చింది. అక్కడ వీధిలో పిట్ట కూడా లేదు.

ఎలాగో వీధి దాటి పెద్దరోడ్డు ఎక్కాం. ఎదురుగా ఏమీ లేదు. అంటే నిజంగానే ఏమీ లేదు. తెల్లటి గోడ. రోడ్డేదో, పక్కన గొయ్యేదో తెలియదు. వెనక సీట్లో అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. నేను ఆంజనేయ దండకం మొదలుపెట్టి సగంలో మర్చిపోయాను. అప్పుడు దూరంగా పసుప్పచ్చ దీపాలు. ఒకటి కాదు, రెండు లారీలు, ఒకదానికొకటి కాస్త ఏటవాలుగా, రోడ్డు మొత్తం ఊడ్చుకుంటూ వెళ్తున్నాయి.

గంటకి పాతిక మైళ్ళు కూడా లేదు వాటి వేగం. అల్లుడికి కంగారు. పక్కనుంచి దాటేద్దామని కారు తిప్పబోయాడు. అంత నొప్పిలోనూ మా అమ్మాయి అరిచింది. "ముందుకెళ్ళి ఏం చేస్తావు? వాళ్ళ ముందు రోడ్డే లేదు!"

అంతే. వాళ్ళ వెనకే, కాస్త ఎడంగా, ముప్పావుగంట. ఆ ముప్పావుగంట ముగ్గురం మాట్లాడుకోలేదు. మా మలుపు వచ్చేసరికి ఆ లారీలు నేరుగా వెళ్ళిపోయాయి. ఆ డ్రైవర్లకి మా సంగతి తెలియదు. వాళ్ళ మొహాలు మేం చూడలేదు. ఉదయం ఆరూ పదికి మనవరాలు పుట్టింది. డ్యూటీ దిగాల్సిన నర్సు ఇంకా అక్కడే ఉంది, ఆవిడ స్థానంలో రావాల్సినావిడ దారిలో ఉందిట. "ఇవాళ మేమందరం ప్లో వెనకే వస్తాం" అంది నవ్వుతూ.

అదృష్టం అందరికీ ఒకేలా ఉండదు. 2022 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ముందు, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో వచ్చిన మంచు తుపానులో నలభైమందికి పైగా చనిపోయారు. స్నోప్లోలే ఇరుక్కుపోయాయి. అంబులెన్సులు కదల్లేదు. మిన్నెసోటాలో పాతకాపులు ఇప్పటికీ చెప్పుకునేది 1991 హాలోవీన్ తుపాను గురించి. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో 28.4 అంగుళాల మంచు పడింది. అంటే మన నడుందాకా!

మన దేశంలోనూ ఈ పని చేసేవాళ్ళున్నారు, మనకి కనపడరు. కాశ్మీరునుంచి లద్దాఖ్ వెళ్ళే దారిలో, పదకొండున్నర వేల అడుగుల ఎత్తున జోజిలా కనుమ ఉంది. ఒకప్పుడు ఏడాదిలో ఐదారు నెలలు మూతే. సరిహద్దు రహదారుల సంస్థవాళ్ళు మంచు తవ్వీ తవ్వీ 2025లో ముప్ఫై రెండు రోజులకే మళ్ళీ తెరిచారు. అవతల లద్దాఖ్‌లోనూ నెలలు నిండిన ఆడపిల్లలుంటారు కదా.

గ్యారేజీకి జంతికలు

పాపకి నెల దాటాక, ఫిబ్రవరిలో మా ఊరివాళ్ళ 'థాంక్యూ' రోజు వచ్చింది. పక్కింటి పిల్ల లారీ బొమ్మ గీసుకుని మా ఇంటికొచ్చి చూపించింది. ఆ పిల్ల బళ్ళో 'కేటీ అండ్ ది బిగ్ స్నో' అనే పుస్తకం చదివారట. వర్జీనియా లీ బర్టన్ 1943లో రాసి, బొమ్మలు వేసిన కథ. మంచు తుపానులో ఊరంతా మునిగిపోతే కేటీ అనే ఎర్ర ట్రాక్టరు ఒక్కతే పోలీసులకీ, డాక్టరుకీ, ఫైరింజనుకీ దారి చేస్తుంది. ఒక్కతే అని ఎందుకన్నానంటే, ఆ కథలో ట్రాక్టరు ఆడది! ఎనభై ఏళ్ళ కిందటే ఒక రచయిత్రి అలా రాసిందంటే ముచ్చటేసింది.

సరే, అందరూ కుకీలు ఇస్తుంటే మనమేం ఇవ్వాలి? నాకొచ్చింది జంతికలు. పిండి కలిపి, వాము వేసి, కారం సగానికి తగ్గించి రెండు డబ్బాలు వండాను. అల్లుడు కారులో మున్సిపాలిటీ గ్యారేజీకి తీసుకెళ్ళాడు. లోపల వరసగా నారింజ రంగు లారీలు. దగ్గరికెళితే చక్రమే నా భుజాలదాకా వచ్చింది. ఆఫీసు గదిలో యాభై ఏళ్ళావిడ బూట్లు విప్పి కాళ్ళు చాపుకుని కూర్చుంది. గుమస్తా అనుకున్నాను. డ్రైవరుట! పద్దెనిమిది చలికాలాలుగా నడుపుతోందిట.

అల్లుడు మా రాత్రి కథ చెప్పాడు. హైవేమీద నడిపేది రాష్ట్రంవాళ్ళు, మేము కాదంది. అయినా డబ్బా తీసుకుంది. ఒక జంతిక కొరికి "ఇది సగం కారమా?" అని నీళ్ళ సీసా అందుకుంది. తర్వాత ఇంకోటి తీసింది లెండి.

మీకు కావల్సిందేమిటని అడిగాను, అల్లుడు ఇంగ్లీషులో చెప్పాడు. ఏ మిఠాయో చెప్తుందనుకున్నాను. "వీధిలో కారు తీసేస్తే చాలు" అంది. మినియాపోలిస్‌లో మంచు బాగా పడితే 'స్నో ఎమర్జెన్సీ' ప్రకటిస్తారు. మొదటి రాత్రి ముఖ్యమైన రోడ్లమీద, మర్నాడు పగలు మిగతా వీధుల్లో సరి నంబర్ల వైపు, మూడోరోజు బేసి నంబర్ల వైపు కార్లు నిలపకూడదు. చుట్టుపక్కల ఊళ్ళకీ ఎవరి నియమాలు వాళ్ళకున్నాయి. అయినా ఒక్కడు తియ్యడు, వాడి చుట్టూ తిప్పుకోవాలి, అక్కడ మంచు అలాగే మిగిలిపోతుంది, మళ్ళీ తిట్టేది తమనే అని ఆవిడ గోడు. రెండోది, వెనకాల దూరంగా ఉండమంది. లారీ లేపే మంచుపొగలో వెనక కార్లు డ్రైవరుకి కనపడవు. పది కార్ల దూరం వదలమని రాష్ట్రంవాళ్ళు ఎంత మొత్తుకున్నా ఏటా ఎవరో ఒకరు వచ్చి గుద్దుతూనే ఉంటారు. కుకీలు బాగానే ఉంటాయిగానీ అది మానేస్తే ఇంకా బాగుంటుందంది. అల్లుడు నేలచూపులు చూశాడు. ఆ రాత్రి దాటబోయింది తనే కదా!

"మరి మీ ఇంటిముందు మంచు ఎవరు తీస్తారు?" అన్నాను ఉండబట్టలేక.

ఆవిడ పకపకా నవ్వింది. డ్యూటీ దిగి ఇంటికెళ్ళేసరికి వేరే డ్రైవరు ఆవిడ దారికి అడ్డంగా గట్టు కట్టి వెళ్ళిపోయుంటాడట. పార పట్టుకుని ఆవిడే తవ్వుకుంటుందట.

నాలుగు రోజులకి మళ్ళీ మంచు పడింది. తెల్లవారుజామున పాపకి పాలు పట్టించి భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. గరగర, పసుప్పచ్చ వెలుగు. చెయ్యి ఊపాను. చీకట్లో నన్ను చూసిందో లేదో, లోపల ఉన్నది ఆవిడో కాదో, చిన్నగా ఒక హారన్ మాత్రం వినిపించింది. అల్లుడు లేచి తలుపు తీసేసరికి మా దారికి అడ్డంగా మోకాలెత్తు గట్టు, ఎప్పటిలాగే.